నొక్కడం వేరు, జరగడం వేరు

నా పని ఏమిటని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. మా ఆయన "కంప్యూటర్లో ఏదో రాస్తుంది" అంటాడు. మా అత్తగారు "ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తున్నారు" అంటుంది. మా అక్క ఒక్కతే దగ్గరగా వస్తుంది: "కళ్ళు లేనివాడికి దారి చెబుతుంది."

సంగతేమిటంటే, మనుషుల బదులు వెబ్‌సైట్లలో పనులు చక్కబెట్టే ఏజెంటు ఒకటుంది. మనిషి కాదు, ప్రోగ్రాము. టికెట్టు తీయమంటే తీస్తుంది, దరఖాస్తు నింపమంటే నింపుతుంది. దానికి చేతులు లేవు కాబట్టి మా ఆఫీసువాళ్ళు చేతులు చేసి ఇచ్చారు. వాటిని టూల్స్ అంటాం. 'తెరువు' అనే టూలు పేజీ తెరుస్తుంది. 'చూడు' అనేది పేజీలో ఏమేం ఉన్నాయో చదివి చెబుతుంది. 'రాయి' గడుల్లో అక్షరాలు నింపుతుంది. 'నొక్కు' బటన్ నొక్కుతుంది. ఏ టూలు ఎప్పుడు వాడాలో, వాడితే ఏం జరుగుతుందో, ఏం జరగదో ఏజెంటుకు తెలిసేలా రాసిపెట్టడం నా ఉద్యోగం. మేం రాసిందే దానికి లోకం. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి డబ్బా చూపించి ఇది పంచదార అంటే నమ్మి పాలల్లో వేసేస్తుంది. డబ్బాలో ఉప్పుంటే తప్పు పిల్లది కాదు.

ఈ పనిలో నాకు ఇష్టమైనది మధ్యాహ్నం. మా ఆఫీసు తాళాలు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు. ఆ వారమంతా పొగమంచు పట్టి, కిటికీలోంచి ఎదురు మేడ కూడా కనిపించలేదు. కింద తాళాలాయన ఆకురాయి పెడుతుంటే ఆ చప్పుడు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు ఉండేది. నేను కళ్ళు మూసుకుని, ఏజెంటు నిలబడేచోట నిలబడేదాన్ని. అక్కడ వెలుతురు ఉండదు, చీకటీ ఉండదు. 'చూడు' అంటే ఒక తలుపు పుడుతుంది, ఒక బల్ల పుడుతుంది, బల్ల మీద ఖాళీ గడి ఒకటి పుడుతుంది. మళ్ళీ 'చూడు' అనేదాకా అవి అలాగే ఉండిపోతాయి, బయట అసలు ఇల్లు మారిపోయినా సరే. అలాంటి ఇళ్ళలో తిరిగీ తిరిగీ కునుకు తీసిన రోజులూ ఉన్నాయి. మా అత్తగారి మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు.

టూల్స్ తయారుచేసేది మా ఇంజనీరు. ఆయన్ని అందరం 'అయిపోయింది గారు' అంటాం. ఏది అడిగినా ముందు ఆ మాటే వస్తుంది. "ఆ పని ఎంతవరకొచ్చిందండీ" అంటే "అయిపోయిందండీ" అంటాడు, అప్పుడే కుర్చీ లాక్కుని మొదలుపెడుతూ. మనిషి బంగారం. చెడ్డవాడైతే ఒక్కసారే తగువు పెట్టుకుని తెంచుకునేదాన్ని, మంచివాడు కాబట్టి రోజూ పెట్టుకుంటున్నాను. నేను చేరకముందు టూల్స్ వివరాలు కూడా ఆయనే రాశాడు, ఒక్కోదానికి ఒక్కో ముక్క. వాటిని ఒకటొకటిగా తీసేసి నేను కొత్తవి రాస్తున్నాను. 'తెరువు', 'రాయి' పూర్తయ్యాయి. 'చూడు', 'నొక్కు' మాత్రం ఇంకా ఆయన రాతలోనే ఉన్నాయి.

ఆ రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. "పంపించేశానే. మీవాడు పంపించేశాడు, అయిపోయిందన్నాడు," అంది. మీవాడంటే ఏజెంటు. నేనేదో కన్నట్టు మాట్లాడుతుంది.

మా అక్కకి పిల్లలు లేరు. ఆ మాట రాయడం తేలికే, దాన్ని పెట్టుకుని పేరంటాల్లోనూ ఆసుపత్రుల్లోనూ కూర్చోవడం ఎంత కష్టమో పక్కన కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. అక్కా బావా పిల్లల్ని దత్తత ఇప్పించే బోర్డులో పేరు రాయించుకున్నారు. ఇంతకుముందు ఒకసారి ఒక బాబు కోసం పిలుపొచ్చింది. చిన్న మంచం కొన్నారు. అంతలో ఆ బాబుకి సొంత మేనత్త దొరికింది. "పిల్లాడికి మంచిదే కదే" అంటూనే అక్క ఆ మంచం విప్పి ముక్కలు అటకెక్కించింది. ఇప్పుడు మళ్ళీ పిలుపు. ఆడపిల్ల, రెండేళ్ళు నిండాయి. బోర్డు వెబ్‌సైటులో సమ్మతి పత్రం నింపి, ఈ రోజు వాళ్ళ ఆఫీసు మూసేలోగా పంపాలి. పంపకపోతే పాప వరసలో తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది.

బావ లారీ డ్రైవరు, ఎక్కడో దారిలో ఉన్నాడు. అక్క కర్టెన్లు కుట్టే దర్జీ. ఎంత వంకర కిటికీకైనా కొలత తప్పదు కానీ కంప్యూటరు ముందు కూర్చోబెడితే చెమటలు పడతాయి. నేనే నెత్తీ నోరూ కొట్టుకుని, ఏజెంటు చేత చేయించమని చెప్పాను. "నా పని మీద నమ్మకం లేదా" అని కూడా అన్నాను. నమ్మింది.

అక్క అప్పటికే పాప గదికి కర్టెన్లు మొదలుపెట్టింది. అది తెలిసి మా అత్తగారు, "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ అక్క వరస," అంది. ఏ సామెత ఎవరి దగ్గర అనకూడదో తెలియదా అని నేను గట్టిగానే అడిగాను. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. నోరు మంచిదైతే ఊరు మంచిది అని మా అమ్మ చెబుతూ ఉండేది. నాకు ఊరు ఎప్పుడూ మంచిగా లేదు.

సరే, పత్రం వెళ్ళిపోయింది కదా అని నేను హాయిగా ఆఫీసుకొచ్చి, మధ్యాహ్నం 'నొక్కు' వివరణ చేతికి తీసుకున్నాను. మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఏ టూలు గురించి రాయాలన్నా ముందు గోడకుర్చీలో కూర్చోవాలి. బళ్ళో మాస్టారు వేసే గోడకుర్చీ కాదు, నిజం కుర్చీయే, గోడకి ముఖం పెట్టి ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్ళు ఏజెంటు. వెనక స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్ళు టూల్స్. ఏజెంటు టూలు పేరు తప్ప ఏమీ అనకూడదు. టూలు తనకు తెలిసింది తప్ప ఒక్క ముక్క ఎక్కువ చెప్పకూడదు. దగ్గకూడదు కూడా, దగ్గితే ఎక్కడో తప్పు చేశామని ఏజెంటుకు తెలిసిపోతుంది.

నేను కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది గారు వెనక కూర్చుని, పరీక్ష కోసం మేం కట్టుకున్న ఉత్తుత్తి దుకాణం పేజీ తెరిచాడు.

"చూడు," అన్నాను.

"పైన దుకాణం పేరు. కింద చొక్కా బొమ్మ. దాని కింద 'కొను' బటన్," అన్నాడు.

నా కళ్ళ వెనక దుకాణం పుట్టింది, చొక్కా వేలాడింది. మంచు మూలంగానో ఏమో అది కూడా కాస్త మసగ్గానే ఉంది. నేను చెయ్యి చాపాను. "నొక్కు, కొను."

"అయిపోయింది."

ఇంకేదో చెబుతాడని చూశాను. ఏమీ లేదు. చొక్కా అలాగే వేలాడుతోంది. నేను కొన్నానో లేదో తెలియదు, దుకాణంలో ఉన్నానో వీధిలో ఉన్నానో తెలియదు.

ఆట నియమం తప్పి అడిగేశాను. "ఏమైందండీ ఇప్పుడు? కొన్నానా?"

ఆయన స్క్రీన్ వైపు వంగిన చప్పుడు వినిపించింది. "లేదండీ. మధ్యలో ఒక నోటీసు వచ్చి అడ్డం పడింది. మీ నొక్కు దాని మీద పడింది."

"మరి అయిపోయిందన్నారు?"

"నొక్కడం అయిపోయింది కదండీ. టూలు అంతవరకే చెబుతుంది."

"బాగుంది. తండ్రి పోలికే వచ్చింది," అని నవ్వాను. నవ్వుతూనే కుర్చీలో ఇటు తిరిగాను. అప్పుడు తట్టింది. పొద్దున అక్కకి ఏజెంటు చెప్పిన మాట కూడా అదే.

ఫోన్ చేశాను. కుట్టుమిషను చప్పుడులోంచి అక్క పలికింది.

"అక్కా, నొక్కాక పేజీలో ఏం వచ్చిందో చెప్పాడా? రసీదు నంబరు లాంటిదేదైనా?"

"లేదే. అయిపోయిందన్నాడు."

"ఇంకోసారి అడుగు. పేజీ చూసి చెప్పమను."

టైపు చేస్తున్న చప్పుడు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. "అయిపోయిందనే అంటున్నాడు. చూశాను, పంపు బటన్ ఉంది, నొక్కాను, అయిపోయింది, అంటున్నాడు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కానీ వాడిది మొండితనం కాదు. అయిపోయింది గారు 'చూడు' గురించి రాసిన ముక్క ఇది: "పేజీ తెరిచినప్పుడు ఒక్కసారి వాడాలి." వాడు ఒక్కసారి చూశాడు, పొద్దున. అప్పట్నుంచీ ఆ పొద్దుటి పేజీలోనే నిలబడి ఉన్నాడు.

"పోనీ మళ్ళీ నొక్కమననా?" అంది అక్క.

"ఆగక్కా. అక్కడ ఏదో నిబంధన ఉందన్నావు కదా."

మిషను చప్పుడు ఆగింది. "అవునే. ఒకసారి పంపాక మళ్ళీ పంపితే కొత్త దరఖాస్తు కింద లెక్క. వరస చివరికి వెళ్ళిపోతాం."

ఆ నిబంధన రాసినవాణ్ణి గోడకుర్చీలో కూర్చోబెట్టాలి. పొద్దున వెళ్ళి ఉంటే, మళ్ళీ నొక్కితే పాప పోతుంది. వెళ్ళకపోయి ఉంటే, నొక్కకపోతే పాప పోతుంది. ఏజెంటు తెరిచిన పేజీ అక్కకి కనిపించదు. తన ఫోన్లో తెరిచి చూద్దామంటే, ఆ వెబ్‌సైటు ఒకరికి ఒకచోటే తెరుచుకుంటుంది. ఏజెంటు దగ్గరున్న పేజీ మూసుకుపోయి, నింపిందంతా పోతుంది. ఆ కాగితాలన్నీ మళ్ళీ ఎక్కించే వ్యవధి లేదు. బోర్డుకి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకు ముఖ్యమని ఒక గొంతు పాడుతూ ఉంది.

"పంపాడంటావా, లేదంటావా?" అంది అక్క.

"తెలీదక్కా."

"నీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది, కోపానికి బదులు చెప్పడం నాకొచ్చు.

ఫోన్ పెట్టేసి బల్ల ముందు కూర్చున్నాను. మొదట చెయ్యి ఆగలేదు, ఇంత పొడుగున రాశాను. అందులో సగం నా గుండె దడే. దాంతో ఏజెంటుకు పనిలేదు. తీసేశాను. అయిపోయింది గారు నా భుజం వెనక నిలబడి చదువుతున్నాడు. చివరికి మిగిలింది ఇది:

"నొక్కు: చెప్పిన చోట ఒకసారి నొక్కుతుంది. నొక్కానని మాత్రమే చెబుతుంది. నొక్కినందువల్ల ఏం జరిగిందో దీనికి తెలియదు. పైన ఏదైనా అడ్డం ఉంటే నొక్కు దాని మీద పడుతుంది, అప్పుడూ నొక్కాననే చెబుతుంది. కాబట్టి నొక్కిన ప్రతిసారీ 'చూడు' వాడాలి. పేజీ మారినట్టు కనిపిస్తేనే పని జరిగిందని మనిషికి చెప్పాలి. కనిపించకపోతే, జరగలేదనో తెలియదనో ఉన్నదున్నట్టు చెప్పి, మళ్ళీ నొక్కేముందు అడగాలి.

"చూడు: పేజీ ఇప్పుడు ఎలా ఉందో చెబుతుంది. ఇంతకుముందు చూసింది ఇప్పటికి మారిపోయి ఉండవచ్చు. ఎన్నిసార్లయినా వాడవచ్చు."

"ఇది బయటికి పెట్టాలంటే ఆఫీసు పెద్దాయన చూడాలి కదండీ. ఆయన రేపుగానీ..." అన్నాడు అయిపోయింది గారు.

"రేపు ఉండదండీ," అన్నాను. జరిగింది చెప్పాను, మంచం ముక్కల సంగతితో సహా.

ఆయన నా పక్కకి కుర్చీ లాక్కుని, 'నొక్కు' టూలు తెరిచి, అది బదులు చెప్పేచోట ఉన్న తన మాట చెరిపేసి 'నొక్కాను' అని రాశాడు. తర్వాత నేను రాసిన రెండు ముక్కలూ ఎక్కించాడు. "పెద్దాయన ఏమన్నా అంటే నేను పడతాను. మీరు వెళ్ళండి," అన్నాడు. అయిపోయిందా అని అడిగితే, ఒకసారి చూసి చెబుతానని మళ్ళీ స్క్రీన్ మీదకి వంగాడు. కాసేపటికి తల ఊపాడు. నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, కానీ రేపు మళ్ళీ తగువాడాలి కాబట్టి మానుకున్నాను.

ఫోన్లో చెబితే అక్క కంగారులో ఏదో ఒకటి నొక్కేస్తుంది. అందుకని నడిచాను. వీధి మంచులో కరిగిపోయి ఉంది. అడుగు వేస్తే ఒక దీపస్తంభం వచ్చేది, ఇంకో అడుగు వేస్తే ఒక సైకిలు, ఒక మెట్టు, దాని మీద ఒక పిల్లి. వెనక్కి తిరిగితే ఏమీ ఉండేది కాదు. ఆ పేజీల్లోపల కూడా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంటూ, ఎదురొచ్చిన ప్రతిదాన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుంటూ పోయాను. ఎవరో ముసలాయన "మెల్లిగా తల్లీ, పడతావు" అన్నాడు. ఆయన మొహం కనిపించలేదు.

అక్క వెనక గదిలో ఉంది. కిటికీకి ఒక కర్టెన్ అప్పటికే వేలాడుతోంది, లేత ఆకుపచ్చది. బయటి మంచు వెలుతురు దానిలోంచి వడగట్టుకుని గదంతా చెరువు అడుగులా ఉంది. చిన్న మంచం అటక దిగింది, మరలన్నీ బిగించి దుప్పటి కూడా పరిచి ఉంది. కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్. దాని ముందు అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు పిలుపు కోసం కూర్చున్న మనిషిలా కూర్చుంది.

"వాడు కొత్తది చదువుకున్నాడు. ఇప్పుడు అడుగు. ఏమీ నొక్కకుండా, చూసి చెప్పమను," అన్నాను.

అక్క టైపు చేసింది. ఇద్దరం తెర వైపు చూస్తూ ఉండిపోయాం. ఎక్కడో లోపల, పొద్దుట్నుంచీ ఆగిపోయిన ఆ ఇంట్లో, వాడు మొదటిసారి తల తిప్పి చూడడం నాకు కనిపించినట్టే అయింది.

జవాబు వచ్చింది. "పొద్దున నొక్కానన్నది నిజం. వెళ్ళిందన్నది నేను చూడకుండా చెప్పిన మాట. ఇప్పుడు చూశాను. పత్రం ఇంకా ఇక్కడే ఉంది. దాని పైన 'మా నియమాలు మారాయి' అనే నోటీసు అడ్డంగా ఉంది. పత్రం వెళ్ళలేదు. పంపే గడువు ఇంకా ముగియలేదు. నోటీసు మూసేసి, పంపు బటన్ నొక్కమంటారా?"

అక్క అది రెండుసార్లు చదివింది. "వెళ్ళలేదు," అంది. "వెళ్ళిపోయిందనుకుని పొద్దుట్నుంచీ ఈ గదిలో పాటలు పాడుకుంటున్నానే."

"ఇప్పుడు పంపుదాం అక్కా. నొక్కమను."

అక్క మంచం వైపు చూస్తోంది. "మళ్ళీ ఎవరో మేనత్త వస్తే?"

ఇంకో రోజైతే, ఛ అలాంటిదేం జరగదని కసిరేదాన్ని. ఆ రోజు చూడని మాట చెప్పడానికి నోరు రాలేదు. "రావచ్చక్కా. నాకు తెలీదు."

నేను అబద్ధం చెప్పకపోవడం అక్కకి ఎందుకో ధైర్యాన్నిచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. ముక్కు ఎగబీల్చి, వేలు చాపి, అక్షరాలు వెతుక్కుంటూ టైపు చేసింది: నొక్కు.

"నోటీసు మూశాను. చూశాను, అది పోయింది. పంపు నొక్కాను. జరిగిందో లేదో ఇంకా తెలియదు. చూస్తున్నాను."

అక్క లేచి నిలబడింది. "నా వల్ల కాదే. నువ్వు చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు, నీ పైత్యం కలపకు." మంచం దగ్గరికి వెళ్ళి, ముడతల్లేని దుప్పటిని సర్దడం మొదలుపెట్టింది.

తెర మీద వాక్యాలు ఒక్కొక్కటే వచ్చాయి. నాకు కళ్ళు సరిగ్గా ఆనలేదు. తుడుచుకుని చదివాను.

"పేజీ మారింది. పైన, 'మీ సమ్మతి అందింది' అని ఉంది. రసీదు నంబరు ఉంది. బిడ్డ, ఆడ, అని ఉంది. ఇంతకుముందున్న 'దరఖాస్తుదారు' అన్న గడి ఇప్పుడు లేదు. ఆ చోట తల్లి అని ఉంది. దాని ఎదురుగా మీ పేరు ఉంది."

"అక్కా, వెళ్ళింది," అని అరిచాను. "తల్లి అని రాశారక్కా, తల్లి అని, పక్కన నీ పేరు."

అక్క ఇటు తిరగలేదు. మంచం మీదికి వంగి, దుప్పటి అంచు తలగడ దాకా మెల్లిగా లాగి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"అంత గట్టిగా కాదే," అంది. "పిల్ల లేస్తుంది."

మంచం ఖాళీగా ఉంది. నేను గొంతు బాగా తగ్గించి, మళ్ళీ మొదట్నుంచి చదివాను.